బేస్‌బాల్ రాకపోయినా హాంక్ గ్రీన్‌బర్గ్ డాక్యుమెంటరీ అర్థమవుతుందా? 1938 రికార్డు కథ నిజమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మిషిగన్ వచ్చి 8 నెలలైంది. ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న ఒక యూదు పెద్దాయన 'ద లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ హాంక్ గ్రీన్‌బర్గ్' అనే డాక్యుమెంటరీ తప్పకుండా చూడమన్నారు. మీకేమో బేస్‌బాల్‌లో ఓనమాలు కూడా రావు. చూస్తే బుర్రకెక్కుతుందా అన్నది మొదటి సందేహం. గ్రీన్‌బర్గ్ అనే డెట్రాయిట్ ఆటగాడు యూదుడు కాబట్టే, బేబ్ రూత్ అనే పాత దిగ్గజం రికార్డు కొట్టనివ్వలేదని ఆయన చెప్పిన మాట నిజమా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: నిస్సంకోచంగా చూడండి. గంటన్నర సినిమా, ఆట తెలియకపోయినా ఎక్కడా ఇబ్బంది పడరు. రెండోదానికి జవాబు: ఆ మాటకి గట్టి ఆధారం లేదు. గ్రీన్‌బర్గే స్వయంగా కాదని చెప్పాడు. అయినా మీ పెద్దాయన అబద్ధం చెప్పారని అనుకోకండి. ఎందుకో కింద రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను డాక్యుమెంటరీ ఎడిటర్‌ని. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలోకి వచ్చి, అందులో తొమ్మిదేళ్ళు డెట్రాయిట్ శివార్లలోనే గడిపాను. ఎడిటింగ్ నేర్పే క్లాసుల్లో ఈ సినిమా ప్రతి బ్యాచ్‌కీ వేస్తాను. నేనూ మొదటిసారి చూసినప్పుడు బేస్‌బాల్ తెలిసినవాణ్ణి కాదు. పాతబస్తీ గ్రౌండ్లలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడిన జ్ఞానం ఒక్కటే పెట్టుబడి. అదే సరిపోయింది.

ఆట గురించి తెలుసుకోవాల్సింది నాలుగు ముక్కలే. హోమ్ రన్ అంటే మన సిక్సర్‌కి పెద్దన్న. బంతి కంచె దాటితే కొట్టినవాడూ, అప్పటికే బేస్‌ల మీద, అంటే పరిగెత్తే దారిలోని మూడు మజిలీల మీద, నిలబడి ఉన్నవాళ్ళూ అందరూ ఇంటికొచ్చేస్తారు, అంటే ఒక్క దెబ్బకి ఒకటి నుంచి నాలుగు పరుగులు. ఆర్‌బీఐ అంటే మన రిజర్వ్ బ్యాంకు కాదు, ఒక బ్యాటర్ కొట్టిన దెబ్బల వల్ల జట్టుకి వచ్చిన పరుగుల లెక్క. వాక్ అంటే, బంతి విసిరేవాడు, అదే పిచర్, నాలుగు బంతులు హద్దు బయట వేస్తే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. భయపెట్టే బ్యాటర్ వస్తే కావాలనే అలా పంపించేస్తారు. ఈ వాక్ సంగతి గుర్తుపెట్టుకోండి, రికార్డు గొడవంతా దీనిమీదే ఉంది. చివరిది, లీగ్ గెలిచిన జట్టుకి దక్కేది పెన్నెంట్, రెండు లీగుల విజేతలూ తలపడేది వరల్డ్ సిరీస్. అంతే.

ఇక మనిషి. 1911 జనవరి 1న న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు రొమేనియా నుంచి వలస వచ్చిన యూదులు, తండ్రిది బట్టల వ్యాపారానికి అనుబంధమైన చిన్న కార్ఖానా. బ్రాంక్స్‌లో క్రోటోనా పార్కు పక్కన పెరిగాడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, చదునైన పాదాలు, పరిగెత్తడంలో మందం. సహజంగా అబ్బిన ఆట కాదు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా సాధన చేసి తెచ్చుకున్నది. ఇంట్లోవాళ్ళకి కొడుకు ఆటగాడవడం సుతరామూ ఇష్టం లేదు. చదువుకోవాల్సిన కుర్రాడు కర్ర పట్టుకుని తిరుగుతున్నాడని ఇరుగుపొరుగు నొచ్చుకునేవాళ్ళట. ఈ భాగం చూస్తున్నప్పుడు మన ఇళ్ళలో ఎంసెట్ రోజులు గుర్తురాకపోతే నన్నడగండి.

న్యూయార్క్ యాంకీస్ జట్టు పిలిచింది, వెళ్ళలేదు. కారణం మర్యాదా కాదు, సెంటిమెంటూ కాదు. అక్కడ గ్రీన్‌బర్గ్ ఆడే చోటే, మొదటి బేస్‌లో, లూ గెరిగ్ అనే మేటి ఆటగాడు ఉన్నాడు, అతను కదిలేలా లేడు. లెక్క వేసుకుని 1929లో డెట్రాయిట్ టైగర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. చిన్న లీగుల్లో కొన్నేళ్ళు నలిగి, 1933లో పెద్ద జట్టులో కుదురుకున్నాడు.

అతనికంటే ముందు యూదు ఆటగాళ్ళు లేరా? ఉన్నారు. లిప్‌మన్ పైక్ అనే ఆయన 1860లలోనే డబ్బు తీసుకుని ఆడాడు. కాబట్టి 'మొట్టమొదటి యూదు ఆటగాడు' అని ఎవరైనా రాస్తే అది తప్పు. కొందరు యూదు ఆటగాళ్ళు పేర్లు మార్చుకుని ఆడేవాళ్ళు. గ్రీన్‌బర్గ్ పేరు మార్చుకోలేదు. దానికితోడు లీగ్‌లోకెల్లా గట్టిగా బాదేవాళ్ళలో ఒకడయ్యాడు. దాచుకోని పేరు, దాచలేనంత ఆట. అతన్ని మార్గదర్శకుడు అనేది ఆ అర్థంలోనే.

అతను ఆడిన ఊరు కూడా ముఖ్యమే. మీరు రోజూ కారులో తిరిగే ప్రాంతమే కాబట్టి చెబుతున్నా. 1920లలో హెన్రీ ఫోర్డ్ సొంత పత్రిక డియర్‌బోర్న్ నుంచి యూదుల మీద వారం వారం విషం కక్కింది. 1930లలో రాయల్ ఓక్‌లో ఫాదర్ కాఫ్లిన్ అనే పాద్రి రేడియోలో దేశమంతా వినేలా ప్రసంగాలు చేశాడు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి అవి బాహాటంగా యూదు ద్వేషంగా మారాయి. వుడ్‌వర్డ్ రోడ్డు మీద 12 మైల్ దగ్గర పెద్ద రాతి గోపురం కనిపిస్తుంది చూడండి, అదే ఆయన చర్చి. మైదానంలో ప్రత్యర్థుల బెంచీ నుంచి, స్టాండ్ల నుంచి రోజూ బూతులే. 1935 వరల్డ్ సిరీస్‌లో షికాగో కబ్స్ ఆటగాళ్ళు ఎంత దిగజారారంటే, అంపైర్ జార్జ్ మోరియార్టీ వాళ్ళ బెంచీ దగ్గరికి వెళ్ళి నోరు మూసుకోమని గద్దించాడు. తర్వాత బేస్‌బాల్ కమిషనర్ కబ్స్ వాళ్ళతోపాటు ఆ అంపైర్‌కీ జరిమానా వేశాడు! అంపైర్ మనవడు మైకేల్ మోరియార్టీ సినిమా నటుడయ్యాడు, డాక్యుమెంటరీలో తాతగారి సంగతి చెప్పేది ఆయనే.

ఇక అందరూ చెప్పుకునే 1934. ఆ సెప్టెంబరులో టైగర్స్ పాతికేళ్ళ తర్వాత పెన్నెంట్ గెలిచే ఊపులో ఉన్నారు. సెప్టెంబరు 10న రోష్ హషానా, అంటే యూదుల సంవత్సరాది. ఆడాలా వద్దా? ఊరంతా చర్చ. పత్రికలు రబ్బీలను, అంటే యూదు మతగురువులను అడిగాయి. చివరికి ఆడాడు. బోస్టన్ మీద టైగర్స్ 2-1తో గెలిచారు, ఆ రెండు పరుగులూ గ్రీన్‌బర్గ్ కొట్టిన రెండు హోమ్ రన్లే. డెట్రాయిట్ పత్రిక ఒకటి అతనికి హీబ్రూ అక్షరాల్లో నూతన సంవత్సర శుభాకాంక్షలు అచ్చువేసింది. ఫోర్డ్ పత్రిక నడిచిన ప్రాంతంలో, ఆ పదేళ్ళలోనే.

తొమ్మిది రోజుల తర్వాత యోమ్ కిప్పూర్. ఉపవాసం, ప్రాయశ్చిత్తం చేసుకునే రోజు, యూదులకి ఏడాదిలోకెల్లా పవిత్రమైనది. ఆ రోజు ఆడలేదు. షారే జెడెక్ సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్ళాడు. ప్రార్థన నడుస్తుండగా లోపలికొచ్చిన అతన్ని చూసి జనం లేచి చప్పట్లు కొట్టారు. అటు మైదానంలో టైగర్స్ యాంకీస్ చేతిలో ఓడిపోయారు. ఓడినా ఊరు కోప్పడలేదు. ఎడ్గర్ గెస్ట్ అనే క్రైస్తవ కవి, డెట్రాయిట్ వాళ్ళకి బాగా ఇష్టుడు, అతన్ని మెచ్చుకుంటూ పద్యం రాశాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి కలుపుతాను. యోమ్ కిప్పూర్ నాటికి టైగర్స్ ఆధిక్యం బాగా పెరిగింది, పెన్నెంట్ దాదాపు చేతిలోకి వచ్చేసింది. సంవత్సరాది నాటికి అంత ధీమా లేదు. అంటే ఆ రెండు నిర్ణయాల వెనక భక్తితోపాటు పాయింట్ల పట్టిక కూడా ఉండి ఉండొచ్చు. ఇది చెబితే మా క్లాసులో ఒకమ్మాయికి కోపమొచ్చింది, "అంటే ఆయన త్యాగం ఉత్తదేనా సార్?" అని. ఉత్తది కాదమ్మా, 23 ఏళ్ళ కుర్రాడు రెండు వైపుల ఒత్తిడి మధ్య తన దారి తను వెతుక్కున్నాడు, అంతే. దేవుడి బొమ్మలా నిలబెడితే ఆ టెన్షన్ మనకి కనపడదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. గ్రీన్‌బర్గ్ పెద్దగా మతనిష్ఠ ఉన్నవాడు కాదు. తర్వాతి రోజుల్లో పిల్లల్ని కూడా అలా పెంచలేదు. ఒక యోమ్ కిప్పూర్ నాడు బడి మాన్పించి పిల్లల్ని సినగాగ్‌కి బదులు ప్లానెటేరియంకి తీసుకెళ్ళాడని, చాలాకాలం ఆ పండగంటే యూదులంతా నక్షత్రాలు చూడ్డానికి వెళ్ళే రోజనుకున్నానని అతని కొడుకు స్టీఫెన్ నవ్వుతూ చెబుతాడు. నాకు ఈ కథ సినగాగ్ చప్పట్ల కంటే ఎక్కువ ఇష్టం.

సరే, సినిమా దగ్గరికొస్తాను. దర్శకురాలు అవీవా కెంప్నర్. 1946లో బెర్లిన్‌లో పుట్టింది. తల్లి హోలోకాస్ట్ నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి, తండ్రి అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆమె పెరిగింది డెట్రాయిట్‌లోనే. ప్రతి యోమ్ కిప్పూర్‌కీ తండ్రి గ్రీన్‌బర్గ్ కథ ఎత్తుకునేవాడట, చిన్నప్పుడు అది కూడా ప్రార్థనలో భాగమే అనుకునేదట. 1986లో గ్రీన్‌బర్గ్ పోయినప్పుడు ఈ సినిమా తీయాలని పూనుకుంది. డబ్బు కొంచెం కొంచెంగా కూడబెట్టుకుంటూ తీయడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1998లో ఉత్సవాల్లో, 2000లో థియేటర్లలో విడుదలైంది. పీబాడీ అవార్డు వచ్చింది.

పన్నెండేళ్ళు అంటే బయటివాళ్ళకి ఆలస్యంగా కనిపిస్తుంది. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరేది కనిపిస్తుంది. 1930లలో స్టాండ్లలో కూర్చున్న పిల్లలు 1990లకి ముసలివాళ్ళు. నిధులొచ్చేదాకా ఆగుదాం అనుకుంటే మనుషులు ఆగరు. గ్రీన్‌బర్గ్ పక్కన రెండో బేస్‌లో ఆడిన చార్లీ గెరింగర్ ఈ సినిమాలో మాట్లాడాడు, 1993లో పోయాడు. సినిమా పూర్తయింది చూడలేదు. ఆమె చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ముందు సాక్షుల్ని పట్టుకుంది, మిగతావన్నీ తర్వాత చూసుకుంది. ఆ వరసలో చేయడం వల్లే ఈ సినిమా ఉంది. నేను ఒకసారి ఆ వరస తప్పాను. హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ మీద ఒక పని మొదలుపెట్టి, మంచి కెమెరా దొరికాక తీద్దాంలే అని ఒక పెద్దాయన ఇంటర్వ్యూ వాయిదా వేశాను. నేను కెమెరాతో వెళ్ళేసరికి ఇంట్లో దశదిన కర్మ జరుగుతోంది.

సినిమా చూసేటప్పుడు ఆటగాడి మీద కంటే మాట్లాడేవాళ్ళ మీద దృష్టి పెట్టండి. ఇదే నేను మీకు చెప్పదలుచుకున్న అసలు మాట. నటుడు వాల్టర్ మథావ్ వస్తాడు, పెద్దయ్యాక గ్రీన్‌బర్గ్‌తో మాట్లాడ్డానికే బెవర్లీ హిల్స్‌లో టెన్నిస్ క్లబ్బులో చేరానంటాడు. అతనికి టెన్నిస్ రాదు! లాయర్ అలన్ డెర్షోవిట్జ్, ఈయన మొదటి యూదు ప్రెసిడెంట్ అవుతాడనుకున్నాను అంటాడు. అప్పటి మిషిగన్ సెనేటర్ కార్ల్ లెవిన్, అన్న శాండర్ లెవిన్ పక్కపక్కనే కూర్చుని చిన్నపిల్లలైపోతారు. స్కోర్లు చెబుతున్నప్పుడు వీళ్ళ గొంతు మామూలుగానే ఉంటుంది. 'ఆరడుగుల నాలుగంగుళాలు' అన్నప్పుడు మాత్రం చెయ్యి తలపైకి లేస్తుంది. ఒకరు కాదు, చాలామందికి. వలస వచ్చిన ఇళ్ళలో పెరిగిన పిల్లలు, బళ్ళో తన్నులు తిన్న పిల్లలు, తమలాంటి పేరున్న మనిషి అంత ఎత్తున నిలబడ్డాడని అరవై ఏళ్ళ తర్వాత కూడా చేత్తో కొలిచి చూపిస్తున్నారు. క్లాసులో ఆ చేతుల షాట్లు వరసగా ఆపి చూపిస్తాను. అతని ఆట ఫుటేజ్ నిజానికి కొద్దిగానే దొరికింది. కొరతని పూడ్చడానికి పాత హాలీవుడ్ సినిమా ముక్కలు, న్యూస్‌రీళ్ళు, యిడ్డిష్ భాషలో పాడిన బేస్‌బాల్ పాట వాడింది. అక్కడక్కడ ఆ ముక్కలు కొంచెం ఎక్కువయ్యాయి. ఎడిటర్‌గా నేనైతే మూడు నాలుగు తీసేసేవాణ్ణి. గ్రీన్‌బర్గ్ స్వయంగా మాట్లాడిన పాత ఇంటర్వ్యూ కూడా ఉంది. అందరూ ఆవేశంగా మాట్లాడుతుంటే ఆయనొక్కడే బ్యాంకు మేనేజరులా నెమ్మదిగా మాట్లాడతాడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1927లో బేబ్ రూత్ ఒక సీజన్‌లో 60 హోమ్ రన్లు కొట్టాడు. 1938లో గ్రీన్‌బర్గ్ ఇంకా 5 ఆటలు మిగిలుండగానే 58 కొట్టేశాడు. ఆ 5 ఆటల్లో ఒక్కటీ రాలేదు. యూదుడు రూత్‌ని దాటకూడదని పిచర్లు కావాలని హద్దు బయట బంతులు వేసి నడిపించేశారు అన్నది కథ. అదే ఏడాది జూలైలో హెన్రీ ఫోర్డ్‌కి జర్మనీ నుంచి నాజీ ప్రభుత్వ పతకం వచ్చింది. నవంబరులో జర్మనీలో సినగాగులు తగలబెట్టారు. ఆ గాలిలో ఆ కథ పుట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి.

లెక్కలేమంటాయి? ఆ ఏడాది గ్రీన్‌బర్గ్‌కి 119 వాక్‌లు వచ్చాయి, లీగ్‌లో అదే ఎక్కువ. అయితే జిమ్మీ ఫాక్స్ అనే మరో బ్యాటర్‌కి కూడా సరిగ్గా 119 వచ్చాయి, అతను యూదుడు కాదు. అదే ఫాక్స్ 1932లో 58 హోమ్ రన్ల దగ్గరే ఆగిపోయాడు. అతనిమీద ఎవరూ కుట్ర కథ చెప్పలేదు. చివరి నెలలో గ్రీన్‌బర్గ్‌కి వాక్‌లు కాస్త పెరిగాయని లెక్క తీసినవాళ్ళున్నారు. 55 హోమ్ రన్లు దాటిన బ్యాటర్‌కి మంచి బంతి ఎవడు వేస్తాడు చెప్పండి? చివరి ఓవర్లో ధోనీకి ఫుల్‌టాస్ వేసినట్టే. ఏదో ఒక పిచర్ మనసులో ద్వేషం ఉండిందా అంటే ఉండి ఉండొచ్చు, కాగితం మీద అది దొరకదు.

చివరి రోజు అక్టోబరు 2, క్లీవ్‌లాండ్‌లో పెద్ద మైదానంలో రెండు ఆటలు వరసగా. మొదటి ఆటలో 19 ఏళ్ళ క్లీవ్‌లాండ్ పిచర్ బాబ్ ఫెల్లర్ 18 మందిని స్ట్రైకౌట్ చేసి, అంటే దెబ్బ తగలనివ్వకుండా మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేసి, అప్పటికి కొత్త రికార్డు పెట్టాడు, గ్రీన్‌బర్గ్ కూడా అందులో బలయ్యాడు. ఫెల్లర్ దాక్కోలేదు, ఎదురుగా వేశాడు. తమాషా ఏమిటంటే అన్ని స్ట్రైకౌట్లు చేసినా ఆ ఆట ఓడిపోయింది ఫెల్లరే. డెట్రాయిట్ తరఫున గెలిచిన పిచర్ హ్యారీ ఐసెన్‌స్టాట్, అతనూ యూదుడే. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు, కథలో ఇమడదు కాబట్టి. రెండో ఆట చీకటి పడుతుంటే ఆపేయాల్సి వచ్చింది. ఇంక ఆడించలేను, సారీ అని అంపైర్ అంటే, ఫర్వాలేదు, నేనూ ఇంతకంటే ముందుకి పోలేను అన్నాడట గ్రీన్‌బర్గ్. తర్వాత జీవితమంతా ఎవరడిగినా ఒకటే జవాబు: నన్నెవరూ అడ్డుకోలేదు, నాకే కుదరలేదు.

1935 కథ కూడా ఇలాంటిదే. సీజన్ సగానికే 103 ఆర్‌బీఐలు, అయినా లీగ్‌లోని మేటి ఆటగాళ్ళని ఏరి కూర్చే ఆల్‌స్టార్ జట్టులో చోటు లేదు. వినగానే రక్తం మరుగుతుంది. కానీ అదే చోటుకి గెరిగ్, ఫాక్స్ ఇద్దరూ ఉన్నారు. పైగా ఆ జట్టుకి మేనేజర్ గ్రీన్‌బర్గ్ సొంత జట్టు మేనేజర్ మికీ కాక్రేనే. సీజన్ చివర్లో అదే గ్రీన్‌బర్గ్‌ని లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. ఓటేసింది కూడా ఆ కాలం విలేకరులే.

మరి మీ పెద్దాయన? ఆయనకి ఆ కథ వాళ్ళ నాన్న చెప్పి ఉంటారు. యూనివర్సిటీల్లో యూదులకి కోటాలు పెట్టి సీట్లు ఆపిన రోజులవి, హోటళ్ళ బయట రావద్దని బోర్డులు పెట్టిన రోజులు. తమని ప్రతిచోటా ఆపేస్తున్నప్పుడు, గ్రీన్‌బర్గ్‌ని మాత్రం ఎవరూ ఆపలేదు, ఊరికే కుదరలేదు అంటే నమ్మడం కష్టం. నా పనిలో ఇలాంటివి తరచూ ఎదురవుతాయి. ఇందాక చెప్పిన ఫుట్‌బాల్ పనిలోనే ఒక తాతగారు ఫలానా ఫైనల్‌లో రిఫరీ మా గోల్ కొట్టేశాడని కన్నీళ్ళతో చెప్పారు. అలాగే కట్‌లో పెట్టేశాను. తర్వాత పాత పేపరు తిరగేస్తే ఆ మ్యాచ్‌లో ఆయన జట్టే ఆడలేదు. తీసేయాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నాను. చివరికి ఉంచాను, పక్కన పేపరు కటింగ్ కూడా పెట్టాను. కెంప్నర్ కూడా దాదాపు అదే చేసింది, అనుమానం ఉన్నవాళ్ళనీ, ఫెల్లర్‌నీ, గ్రీన్‌బర్గ్‌నీ ముగ్గురినీ వినిపించింది. చూసేవాళ్ళు మాత్రం తమకి కావాల్సిందే ఇంటికి తీసుకెళతారు.

యుద్ధం భాగం దగ్గర ఒక్క నిమిషం ఆగండి, మనకి సంబంధం ఉంది. 1940లో రెండోసారి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఈసారి మొదటి బేస్ వదిలి ఎడమ ఫీల్డుకి మారి మరీ. ఏడాదికి 55 వేల డాలర్లు తీసుకునే మనిషి 1941 మే నెలలో నెలకి 21 డాలర్ల సిపాయి అయ్యాడు. వయసు దాటిందని డిసెంబరు 5న ఇంటికి పంపారు. రెండు రోజులకి పెర్ల్ హార్బర్. మళ్ళీ తనంతట తనే చేరాడు. చైనా, బర్మా, ఇండియా రంగంలో బీ-29 బాంబర్ల దళంతో పనిచేశాడు. ఆ బాంబర్ల స్థావరాలు మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కలే, అక్కడినుంచి హిమాలయాలు దాటి చైనాలో చెంగ్డు దగ్గరి స్థావరాలకి వెళ్ళి జపాన్ మీదికి పోయేవి. వాటి ప్రధాన కార్యాలయం హిజ్లీలో. తర్వాత అదే చోట మొదటి ఐఐటీ వెలిసింది. రైల్వే పనికి వెళ్ళి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బోలెడు. మా మేనమామ మామగారిది అలాంటి ఇల్లే, చిన్నప్పుడు పెద్ద పెద్ద విమానాలు పెంకులు అదిరేలా ఎగిరేవని చెప్పేవారు. అవి ఎవరివో, ఎక్కడికో ఆయనకి తెలియదు. సినిమా ఈ భాగాన్ని త్వరగా దాటేస్తుంది, నాకు మాత్రం అక్కడే మనసు ఆగిపోతుంది.

మంచి వయసులో నాలుగున్నర సీజన్లు పోయాయి. 1945 జులై 1న తిరిగొచ్చి మొదటి ఆటలోనే హోమ్ రన్ కొట్టాడు. సెప్టెంబరు 30న సెయింట్ లూయిస్‌లో చివరి ఇన్నింగ్స్‌లో, బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టిన దెబ్బతో పెన్నెంట్ వచ్చింది. ఆ ఏడు వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు. మొత్తం మీద 331 హోమ్ రన్లు. యుద్ధం లేకపోతే ఎన్ని కొట్టేవాడో వేళ్ళ మీద లెక్కేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

1947లో టైగర్స్ అతన్ని పిట్స్‌బర్గ్‌కి వదిలేశారు. అన్నేళ్ళు ఆడిన మనిషికి ఆ కబురు తెలిసిన తీరు బాధపెట్టింది. అదే ఏడాది జాకీ రాబిన్సన్ పెద్ద లీగుల్లోకి అడుగుపెట్టాడు, ఆధునిక కాలంలో మొదటి నల్లజాతి ఆటగాడు. మే నెలలో ఒక ఆటలో మొదటి బేస్ దగ్గర ఇద్దరూ గుద్దుకున్నారు. తర్వాత రాబిన్సన్ బేస్ మీదికి వచ్చినప్పుడు, దెబ్బ తగిలిందా, వాళ్ళ మాటలు పట్టించుకోకు, నువ్వు బాగా ఆడుతున్నావు అని గ్రీన్‌బర్గ్ పలకరించాడు. ప్రత్యర్థి జట్టులో తనకి ధైర్యం చెప్పిన మొదటివాళ్ళలో అతనొకడని రాబిన్సన్ తర్వాత పత్రికలవాళ్ళకి చెప్పాడు. పదమూడేళ్ళు తిట్లు తిన్న మనిషి, అప్పుడే తినడం మొదలైన మనిషి. గ్రీన్‌బర్గ్ ఒక మాట చెప్పేవాడు, రాబిన్సన్ పడ్డదాని ముందు నేను పడ్డది ఎంత అని. తర్వాత ఇద్దరూ కోర్టులో కూడా ఒకే వైపు నిలబడ్డారు. ఆటగాడిని జట్టుకి జీవితాంతం కట్టిపడేసే నిబంధన మీద కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు 1970లో కేసు వేస్తే, ఇద్దరూ ఫ్లడ్ తరఫున సాక్ష్యం చెప్పారు. అప్పట్లో ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ రాలేదు.

సినిమాలో లోటు? ఉంది. 1956లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆటలో మేటివాళ్ళకిచ్చే శాశ్వత గౌరవ జాబితాలో చేరాడు, అక్కడికెళ్ళిన మొదటి యూదుడు. అంతకుముందే క్లీవ్‌లాండ్ జట్టుకి జనరల్ మేనేజర్ అయ్యాడు. జీతాల బేరంలో ఒకప్పటి ఆటగాడు ఇప్పుడు బల్లకి అవతల కూర్చున్నాడు. అక్కడ అందరికీ నచ్చలేదు. ఈ భాగానికి సినిమా ఇచ్చిన సమయం చాలదు. అభిమాని తీసిన సినిమా కాబట్టి అంతే.

చూసే పద్ధతి విషయానికొస్తే, మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ముసలివాళ్ళ బ్రాంక్స్ యాస వేగంగా ఉంటుంది, మధ్యలో యిడ్డిష్ మాటలు కలుస్తాయి. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఇబ్బందిపెట్టే దృశ్యాలు లేవు, తిట్ల మాటలు మాత్రం వినిపిస్తాయి. ఒకసారి మన తెలుగు పిల్లలకి, హైస్కూలు వయసువాళ్ళకి వేశాను. సినిమా అయ్యాక ఒక కుర్రాడు తన పేరుని బళ్ళో ఎలా వెక్కిరిస్తారో చెప్పాడు, అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదట. వాళ్ళమ్మ వెనక వరసలోనే కూర్చునుంది.

వేసవిలో టైగర్స్ ఇప్పుడు ఆడే కొమెరికా పార్కుకి టికెట్ కొనుక్కోండి, ఎడమ మధ్య ఫీల్డు వెనక పాత టైగర్ల విగ్రహాల్లో గ్రీన్‌బర్గ్ బ్యాట్ ఊపుతూ ఉంటాడు. అతను నిజంగా ఆడిన మైదానం మాత్రం కార్క్‌టౌన్‌లో మిషిగన్, ట్రంబుల్ రోడ్ల కూడలిలో ఉండేది. స్టేడియం కూల్చేశారు, ఆటస్థలం మిగిలింది, ఇప్పుడు పిల్లలు ఆడుకుంటారు.

ఆఫీసులో ఆ పెద్దాయన దగ్గర రికార్డు గురించి వాదన పెట్టుకోకండి. మీ ఇంట్లో గ్రీన్‌బర్గ్ గురించి ముందు ఎవరు చెప్పేవాళ్ళు అని అడగండి. మధ్యాహ్నం మీటింగులేమీ లేని రోజు చూసుకుని అడగండి.